గీత మందం లేయర్‌లోనే ఉండాలి

భవనాల డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌ సాఫ్ట్‌వేర్‌లో రోజూ ప్రింట్లు తీసేవాళ్లలో చాలామందికి సీటీబీ అంటే ప్లాట్ (ప్రింటు) డైలాగ్‌లో కుడివైపు పైన కనిపించే ఒక జాబితా. ఆఫీసులో ఎవరో సీనియర్ చెప్పిన పేరు అందులో ఎంచుకుంటారు, ప్రివ్యూ చూసి ఓకే నొక్కుతారు, షీటు బయటికి వస్తుంది. ఆ పేరు వెనకున్న చిన్న ఫైలే డ్రాయింగ్‌లోని ప్రతి గీతా కాగితం మీద ఏ రంగులో, ఎంత లావుగా పడాలో తేలుస్తుంది. రంగు సంగతి ఆ ఫైలుకు వదిలేయడంలో తప్పు లేదు. లావు సంగతి మాత్రం దానికి అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం. గీత మందం డ్రాయింగ్ లోపలే, లేయర్‌లోనే (ఒక రకం గీతలన్నీ కలిపి ఉంచే పొరలోనే) ఉండాలి. మన దగ్గర ఎక్కువ ఆఫీసుల్లో దీనికి తలకిందులుగా పని జరుగుతోంది. దానివల్ల వచ్చే ఇబ్బంది గీసినవాళ్లకు తెలియదు. సైటులో ఆ షీటు పట్టుకుని నిలబడినవాళ్లకు తెలుస్తుంది.

ఆటోక్యాడ్‌లో నంబర్లున్న రంగులు 255. ఒకటి ఎరుపు, రెండు పసుపు, మూడు ఆకుపచ్చ, ఇలా. సీటీబీలో ఒక్కో రంగుకు ఒక్కో వరుస ఉంటుంది. ఎరుపు గీతలన్నీ నల్లగా 0.13 మిల్లీమీటర్ల మందంతో పడాలి, పసుపువి 0.25తో పడాలి అని అందులో రాసి పెడతాం. ఒక వరుస చేర్చడానికి లేదు, ఒకటి తీసేయడానికీ లేదు. అసలు గమనించాల్సింది వేరే ఉంది. డ్రాయింగ్ ఫైలులోకి ఈ సీటీబీ వెళ్లదు, దాని పేరు మాత్రమే వెళ్తుంది. లోపలి విలువలన్నీ మన కంప్యూటర్‌లో ఎక్కడో ప్లాట్ స్టైల్స్ ఫోల్డర్‌లో ఉండిపోతాయి. డ్రాయింగ్ ఊరు దాటినా దాని గీతల మందం మన కంప్యూటర్ దాటదు.

ఇంత వింత పద్ధతి ఎందుకు పుట్టిందో తెలిస్తే, ఇప్పుడు దాన్ని వదిలేయడానికి ధైర్యం వస్తుంది. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. అప్పటి ప్లాటర్లు, అంటే పెద్ద డ్రాయింగులు తీసే ప్రింటర్లు, నిజంగా పెన్ను పట్టుకుని గీసేవి. హ్యూలెట్ ప్యాకార్డ్ 1981లో తెచ్చిన 7580ఏ ప్లాటర్‌లో ఎనిమిది పెన్నులు పెట్టే చోటుండేది. ఏ గీతకు ఏ పెన్ను తీసుకోవాలో యంత్రానికి చెప్పాలి. తెర మీద మందం చూపించే వీలు లేదు, రంగు చూపించే వీలుంది. అందుకే ఎరుపుకు ఒకటో పెన్ను, పసుపుకు రెండో పెన్ను అని కట్టేశారు. ఒకటో పెన్నులో 0.25 నిబ్బు పెడితే ఎరుపు గీతలన్నీ 0.25తో పడేవి. ఆ రోజుల్లో ఇంతకన్నా మంచి దారి లేదు. ఆ ఏర్పాటు చేసినవాళ్లు తెలివైనవాళ్లే.

1991లో పెద్ద సైజు ఇంక్‌జెట్ ప్లాటర్ డిజైన్‌జెట్ వచ్చాక పెన్నుల అవసరం తీరిపోవడం మొదలైంది. 1999లో ఆటోక్యాడ్ 2000 విడుదలైనప్పుడు లేయర్‌కే లైన్‌వెయిట్, అంటే గీత మందం, ఇచ్చే వీలు వచ్చింది. సీటీబీ ఫైళ్లు కూడా ఆ వెర్షన్‌తోనే వచ్చాయి. అంటే కొత్త దారి, పాత అలవాటును కాపాడే దారి రెండూ ఒకేసారి మన చేతికి అందాయి. మనం పాతదాన్ని పట్టుకున్నాం. అప్పటికే ఆఫీసుల్లో వేల డ్రాయింగులు రంగుల లెక్కలో ఉన్నాయి కాబట్టి ఆ ఎంపిక అర్థం చేసుకోదగ్గదే. ఇప్పుడు పనిచేస్తున్న పిల్లల్లో పెన్ను ప్లాటర్ చూసినవాళ్లు ఎంతమంది? అయినా వాళ్లకు నేర్పేది ఆ పెన్నుల లెక్కే.

ఒక డ్రాయింగ్ ఎన్ని చేతులు మారుతుందో చూడండి. ఆర్కిటెక్టు గీస్తారు. స్ట్రక్చరల్ ఇంజినీరు దాని మీద కాలమ్‌లు, బీములు పెడతారు. కరెంటు, ప్లంబింగ్ వాళ్లు తమవి వేస్తారు. కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్తుంది. చివరికి ప్లాటర్ ఉన్న జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ నుంచి తెరుస్తారు. మధ్యలో వాట్సాప్‌లో, మెయిల్‌లో వెళ్లేది ఒక్క డీడబ్ల్యూజీ ఫైలే, అంటే ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలే. ఫాంట్లు, ఎక్స్‌రెఫ్‌లు (డ్రాయింగ్‌కు జోడించిన వేరే డ్రాయింగులు), సీటీబీ అన్నీ కలిపి మూట కట్టే ఈట్రాన్స్‌మిట్ అనే కమాండ్ ఉంది. దాన్ని క్రమం తప్పకుండా వాడే ఆఫీసులు నేను చాలా తక్కువ చూశాను.

అవతలివాళ్ల దగ్గర ఆ సీటీబీ లేకపోతే ప్లాట్ డైలాగ్‌లో దాని పేరు ముందు ‘మిస్సింగ్’ అని వస్తుంది. అది మంచి పరిస్థితే, కనీసం ఏదో లోపించిందని తెలుస్తుంది. అలాగే ప్రింటిస్తే కలర్ ప్లాటర్‌లో రంగులు రంగులుగా వచ్చి, పసుపుతో వేసిన కొలతలు తెల్ల కాగితం మీద మాయమవుతాయి. ఎవరైనా చూసి పక్కన పెడతారు. ఇంతకంటే ప్రమాదమైన పరిస్థితి ఇంకొకటి ఉంది. ఆఫీస్, ఏ1, న్యూ, ఫైనల్ లాంటి పేర్లతో సీటీబీలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి. పేరు కలిసింది కాబట్టి ఆటోక్యాడ్ ఏమీ అనదు. మన పేరుతో వాళ్ల విలువలు ప్రింటవుతాయి. షీటు నల్లగా, శుభ్రంగా, చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది.

స్ట్రక్చరల్ షీటులో ఇది ఎలా దెబ్బ తీస్తుందో చెప్తాను. బీము అడ్డుకోత వివరం సాధారణంగా 1:20 స్కేలులో వేస్తాం. కాంక్రీటు అంచు ఒక దీర్ఘచతురస్రం, దాని లోపల రింగు (రాడ్లను చుట్టి పట్టుకునే ఇనుప చట్రం) ఇంకో దీర్ఘచతురస్రం. మధ్యలో కవరు, అంటే ఇనుమును కప్పే కాంక్రీటు, 25 మిల్లీమీటర్లు అనుకుంటే కాగితం మీద ఆ ఎడం 1.25 మిల్లీమీటర్లు. అదే ఏ1 షీటును సగం కొలతల ఏ3లోకి కుదిస్తే ఎడం అర మిల్లీమీటరు పైచిలుకు. అంత దగ్గరగా ఉన్న రెండు గీతల్లో ఏది ఇనుమో, ఏది కాంక్రీటో కంటికి చెప్పేది మందం ఒక్కటే. ఇనుము లావు, కాంక్రీటు సన్నం అన్నది చదువుకోని మేస్త్రీకి కూడా తెలిసిన రివాజు.

మేం పనిచేసిన ఒక అపార్ట్‌మెంటు డ్రాయింగులను కాంట్రాక్టరు ఆఫీసులో వాళ్ల సీటీబీతో ప్రింటు తీశారు. మా లెక్కలో ఎరుపు అంటే ఇనుము, 0.5. ఆకుపచ్చ అంటే కాంక్రీటు అంచు, 0.25. వాళ్ల ఫైలులో ఎరుపు సెంటర్ లైన్లకు వాడేది, 0.13. ఆకుపచ్చ గోడలకు, 0.35. షీటు అంతా తిరగబడింది. కాంక్రీటు అంచు లావుగా, లోపలి రింగు, రాడ్లు వెంట్రుకల్లా పడ్డాయి. బార్ బెండింగ్ మేస్త్రీ బయటి లావు గీతనే రింగు అనుకుని దాని కొలతతో రింగులు వంచబోయాడు. సైటు ఇంజినీరు ఆ కటింగ్ లెంగ్త్ (రింగుకు కోసే ఇనుము పొడవు) చూసి ఆపబట్టి సరిపోయింది. లేకపోతే ఆ రింగులు సెంట్రింగ్ పలకలకు ఆనుకుపోయేవి, కవరు అనేదే ఉండేది కాదు. కవరు లేని ఇనుము తుప్పు పడుతుందని, స్లాబులు పెచ్చులూడతాయని మనందరికీ తెలుసు. ఇంత పెద్ద విషయం జాబితాలో ఎంచుకున్న ఒక పేరు మీద ఆధారపడి ఉండడం నాకు నచ్చదు.

మన ప్రమాణాలు కూడా మందాన్ని అలంకారంగా చూడలేదు. భారత ప్రమాణాల సంస్థ విద్యార్థుల కోసం వేసిన ఎస్పీ 46లో గీతల మందాలు 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1 ఇలా సాగుతాయి. ఒక షీటులో లావు గీత సన్న గీతకు కనీసం రెండింతలు ఉండాలని అందులో ఉంది. ఒక్కో మందం ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఏ3, ఏ2, ఏ1 కాగితాల కొలతలూ అదే నిష్పత్తిలో పెరుగుతాయి. అందుకే ఏ1 షీటును ఏ2కి కుదిస్తే 0.5 గీత 0.35 అవుతుంది, ఏ3కి కుదిస్తే 0.25 అవుతుంది. ఎంత కుదించినా మందాలు ఈ వరుసలోని విలువలకే వచ్చి చేరతాయి. ఇంత చక్కగా అమర్చిన లెక్కను మన సీటీబీల్లో 0.22, 0.27 అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి చెడగొట్టాం.

ఎక్స్‌రెఫ్‌ల దగ్గర ఇంకో చిక్కు. ఆర్కిటెక్టు ప్లానును ఎక్స్‌రెఫ్‌గా పెట్టుకుని దాని మీద మనం పని చేస్తాం. ఒక లేఅవుట్‌కు (ప్రింటు కోసం అమర్చిన షీటుకు) ఒకే సీటీబీ పనిచేస్తుంది. వాళ్ల ఎరుపూ మన ఎరుపూ ఒకే మందంతో పడాల్సిందే. దీన్ని తప్పించుకోవడానికి డ్రాఫ్టింగ్ చేసేవాళ్లు వాళ్ల లేయర్ల రంగులన్నీ మార్చుకుంటూ కూర్చుంటారు, కొత్త రివిజన్ రాగానే మళ్లీ తనిఖీ. మందం లేయర్‌లో ఉంటే ఈ గొడవే రాదు. వాళ్ల లేయరు వాళ్ల మందంతో వస్తుంది. మన షీటులో వాళ్ల గోడలు సన్నగా కనిపించాలనుకుంటే ఆ లేయర్ల మందం మన ఫైలులో తగ్గించుకుంటాం. విజ్‌రిటెయిన్ అనే సెట్టింగ్ విలువ 1 ఉన్నంత కాలం ఆ మార్పు నిలుస్తుంది, రివిజన్ వచ్చినా పోదు.

అయితే నేను చెప్పే పద్ధతి ఏమిటంటే, ప్రతి లేయర్‌కూ లైన్‌వెయిట్ రాయాలి. గీతలన్నీ బైలేయర్‌గా, అంటే లేయర్ గుణాలనే తీసుకునేలా, ఉంచాలి. ప్రింటుకు ఆటోక్యాడ్‌తోనే వచ్చే మోనోక్రోమ్ సీటీబీ వాడాలి. ఆ ఫైలు 255 రంగులనూ నలుపు చేస్తుంది, మందాన్ని మాత్రం ముట్టుకోదు. మందం దగ్గర అందులో రాసి ఉన్నది, వస్తువుకున్న మందమే వాడమని. ఆటోక్యాడ్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా అది ముందే ఉంటుంది. ఎవరికీ పంపనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. లేయర్ లైన్‌వెయిట్‌ను ‘డిఫాల్ట్’ అని వదిలేయకూడదు. డిఫాల్ట్ అంటే ఎంత అనేది డ్రాయింగ్‌లో ఉండదు, ఆ కంప్యూటర్ రిజిస్ట్రీలో ఉంటుంది. మామూలుగా 0.25. ఎవరైనా మార్చి ఉంటే వాళ్ల దగ్గర వేరేలా పడుతుంది. అప్పుడు మనం తప్పించుకున్న సమస్యే ఇంకో దారిలో తిరిగొస్తుంది. రెండోది, సగం మారి సగం మారకుండా ఉండకూడదు. లేయర్‌లో 0.5 రాసి, ఆఫీసు సీటీబీలో ఆ రంగుకు 0.18 అని ఉంటే పడేది 0.18. ఆ పోటీలో ఎప్పుడూ సీటీబీదే గెలుపు. కొత్త పద్ధతి పెట్టామని చెప్పుకుంటూ పాత సీటీబీనే ఎంచుకునే ఆఫీసుల్లో ‘లేయర్ మందం పనిచేయడం లేదండీ’ అనే ఫిర్యాదు వచ్చేది ఇందుకే.

మోనోక్రోమ్‌తో వచ్చే నిజమైన అడ్డంకి బూడిద రంగు. గోడ లోపల నింపిన సాలిడ్ హ్యాచ్, నేపథ్యంలో లేతగా కనిపించాల్సిన ఫర్నిచర్, పక్క స్థలం హద్దులు అన్నీ కారు నలుపు అయిపోతాయి. దీనికి దారి ఆటోక్యాడ్‌లోనే ఉంది. ఆటోక్యాడ్ 2004తో వచ్చిన ట్రూ కలర్స్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లతో ఇచ్చే రంగులు) మీద సీటీబీ అధికారం పనిచేయదు. లేయర్ రంగును నంబర్ రంగుగా కాక ట్రూ కలర్ ట్యాబ్‌లో 160,160,160 అని ఇస్తే, మోనోక్రోమ్ పెట్టినా అది బూడిదగానే పడుతుంది. ఇంకా లేతగా కావాలంటే 200. అంటే లేతదనం కూడా డ్రాయింగ్‌తోపాటే ప్రయాణం చేస్తుంది. ఇదే గుణం తెలియక, ఎక్కడి నుంచో దించిన బ్లాకులో చెట్టు మాత్రం ఆకుపచ్చగా ప్రింటయిందేమిటని తల పట్టుకునేవాళ్లున్నారు. ఆ చెట్టుకున్నది ట్రూ కలర్, అంతే.

దీనికి ఎదురు వాదన బలంగానే ఉంది. దాన్ని నేను చాలాసార్లు విన్నాను, తేలిగ్గా తీసిపారేయను. సీటీబీ వైపు మాట్లాడేవాళ్లు అనేది ఇది: ‘ఒకే ప్లాన్ ఏ1లో సైటుకు వెళ్తుంది, ఏ3లో క్లయింటుకు వెళ్తుంది. ఏ3కి సన్న గీతల సీటీబీ ఇంకొకటి పెట్టుకుంటే ఒక్క మార్పుతో షీట్లన్నీ సరిపోతాయి. లేయర్లలో మందం రాస్తే ఏ3లో ఎలా తగ్గిస్తావు?’ మంచి ప్రశ్న. మందం మామూలుగా స్కేలుతోపాటు తగ్గదు, ఏ1లో 0.5 గీత ఏ3లోనూ 0.5గానే పడి అక్షరాలు పూడుకుపోతాయి. కానీ లేఅవుట్ నుంచి ప్రింటు తీసేటప్పుడు ‘స్కేల్ లైన్‌వెయిట్స్’ అనే గడి ఒకటుంటుంది. అది టిక్ చేస్తే షీటు ఎంత కుదిస్తే మందాలూ అంత తగ్గుతాయి. డ్రాయింగ్ గీసే చోటైన మోడల్ ట్యాబ్‌లో ఆ గడి పనిచేయదు. మోడల్ నుంచే విండో పెట్టి ప్రింటు తీసే అలవాటున్నవాళ్లకు నా పద్ధతి కుదరదని ఒప్పుకుంటాను. వాళ్లు ముందు లేఅవుట్‌లు వాడడం మొదలుపెట్టాలి, అది ఎలాగూ చేయాల్సిన పనే.

కుదించే ఆలోచన ఉన్నప్పుడు అన్నిటికంటే సన్న గీత ఎంత ఉండాలో ముందే చూసుకోవాలి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల) ప్రింటర్‌లో ఒక చుక్క సుమారు 0.042 మిల్లీమీటర్లు. ఏ1లో 0.13 పెట్టిన గీత ఏ3లో 0.065 అవుతుంది, అంటే చుక్కన్నర. అది జిరాక్స్ తీయగానే తెగిపోతుంది. 0.18 పెడితే రెండు చుక్కలు మిగులుతాయి. కాబట్టి హ్యాచింగ్‌కైనా సరే 0.18 కంటే దిగకపోవడమే మంచిది. మన సైట్లలో తిరిగే కాగితాల్లో అసలు ప్రింట్లకంటే జిరాక్సులే ఎక్కువ కదా.

పీడీఎఫ్ పంపేస్తే ఈ తలనొప్పి లేదుగా అంటారు ఇంకొందరు. చూసి కట్టేవాళ్లకు పీడీఎఫ్ తప్పకుండా పంపాలి, అందులో మందం గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. కానీ మన గీతల మీద పని చేయాల్సిన ఇంజినీరుకు డీడబ్ల్యూజీయే కావాలి, మందాలు చెదిరేది అక్కడి నుంచే.

ఎస్‌టీబీ గురించి కూడా ఒక మాట. రంగుతో సంబంధం లేకుండా ‘గోడ’, ‘కొలత’ అని పేర్లు పెట్టి స్టైళ్లు తయారుచేసి లేయర్లకు తగిలించే పద్ధతి అది. ఆలోచనగా చాలా శుభ్రమైనది. కానీ విలువలు మళ్లీ బయటి ఫైలులోనే ఉంటాయి కాబట్టి ప్రయాణంలో అదే కష్టం. పైగా ఎస్‌టీబీ డ్రాయింగ్ తెరిస్తే జాబితాలో సీటీబీలు అసలు కనిపించవు. టెంప్లేట్ ఎంచుకునేటప్పుడు పొరపాటున నేమ్డ్ ప్లాట్ స్టైల్స్ అని రాసున్నది తీసుకుని, ‘మోనోక్రోమ్ సీటీబీ ఏమైపోయింది’ అని వెతికేవాళ్లు తరచూ కనిపిస్తారు. కన్వర్ట్‌పీస్టైల్స్ కమాండ్ ఇస్తే ఆ డ్రాయింగ్ సీటీబీ పద్ధతికి మారుతుంది, కంగారు పడనక్కర్లేదు.

మారడం ఎంత కష్టం? కొత్త ప్రాజెక్టుకు తేలిక. ఇప్పుడున్న ఆఫీసు సీటీబీని ఎడిటర్‌లో తెరిచి ఏ రంగుకు ఎంత మందం ఉందో కాగితం మీద రాసుకుని, ఆ విలువలను టెంప్లేట్‌లోని లేయర్లకు ఇస్తే సరిపోతుంది. రంగులు మార్చనక్కర్లేదు, కంటికి అలవాటైన తెర అలాగే ఉంటుంది. అసలు కష్టం పాత డ్రాయింగులతో. సీటీబీ కాలంలో ఒక గీత లావుగా కావాలంటే లేయరు మార్చకుండా ఆ గీత రంగు మాత్రం మార్చేసేవాళ్లు. అందువల్ల ఒకే లేయర్‌లో ఐదు రంగులు, బ్లాకుల లోపల గట్టిగా బిగించిన రంగులు ఉంటాయి. సెట్‌బైలేయర్ కమాండ్‌తో అన్నిటినీ బైలేయర్ చేసేస్తే ఆ తేడాలన్నీ పోయి షీటు చప్పగా తయారవుతుంది. గీతలను ముందు సరైన లేయర్లకు పంచాలి, అది చేత్తో చేసే పని. జరుగుతున్న ప్రాజెక్టుల జోలికి వెళ్లకండి. వాటిని పాత సీటీబీతోనే ముగించి, ఆ సీటీబీని ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే, ప్రాజెక్టు పేరుతో దాచి ఉంచండి.

లేయర్ల క్రమశిక్షణ మనవాళ్లకు చేతకాదనే మాటను నేను నమ్మను. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 2016లో ఆన్‌లైన్ భవన అనుమతులు మొదలుపెట్టినప్పటి నుంచి, ఆ తర్వాత 2020లో తెలంగాణలో అనుమతుల కోసం వచ్చిన టీఎస్-బీపాస్‌లోనూ, డ్రాయింగ్‌ను సాఫ్ట్‌వేర్ పరిశీలించడం మామూలైపోయింది. స్థలం హద్దు, రోడ్డు, కట్టబోయే భాగం నిర్ణయించిన లేయర్లలో లేకపోతే పని ముందుకు సాగదు. మొదట్లో అందరూ టెన్షన్ పడ్డారు, తర్వాత చిన్న చిన్న ఆఫీసులు కూడా నేర్చుకున్నాయి. అనుమతి డ్రాయింగ్‌లో చూపిస్తున్న ఆ శ్రద్ధే వర్కింగ్ డ్రాయింగ్‌లోనూ చూపించమని అడుగుతున్నాను. దాన్ని చదివేది మేస్త్రీ. లేయరు తప్పితే ఆయన తిప్పి పంపడు, ఉన్నదాన్ని చూసి కట్టేస్తాడు.

అమీర్‌పేటలో, విజయవాడలో, విశాఖలో ఆటోక్యాడ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లలో ప్లాటింగ్ పాఠం సాధారణంగా కోర్సు చివర్లో, హడావుడిగా జరుగుతుంది. లైన్, ట్రిమ్, ఆఫ్‌సెట్ నేర్పినంత ఓపికగా దీన్నీ నేర్పాలి. ఇందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ఒక బీము వివరం ఇచ్చి, దాన్ని రెండు వేర్వేరు సీటీబీలతో, ఆ తర్వాత లేయర్ మందం ఇచ్చి మోనోక్రోమ్‌తో ఏ3లో ప్రింటు తీయించండి. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇందులో రింగు ఏదో వేలు పెట్టి చూపించమని పిల్లలను అడగండి. లేఅవుట్‌లో ఎల్‌డబ్ల్యూడిస్‌ప్లే (గీతల మందం తెర మీద చూపించే సెట్టింగ్) ఆన్ చేసి తెర మీద కూడా అదే చూపించండి.